బర్మా సైన్యంతో స్నేహం: ఇచ్చిందెంత, వచ్చిందెంత?

విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో మరమ్మతులు పూర్తయ్యాక సింధువీర్ అనే పాత జలాంతర్గామి 2020లో మయన్మార్ నౌకాదళం చేతికి వెళ్లింది. సోవియట్ యూనియన్‌లో తయారై 1988లో మన నౌకాదళంలో చేరిన కిలో తరగతి నౌక అది. ఆ దేశానికి అదే మొట్టమొదటి జలాంతర్గామి. డిసెంబర్ 24న దానికి మిన్యే తేంఖతు అని పేరు మార్చి దళంలో చేర్చుకున్నారు. నలభై రోజులు తిరక్కుండానే, 2021 ఫిబ్రవరి 1 తెల్లవారుజామున, మయన్మార్ సైన్యం ఎన్నికైన ప్రభుత్వాన్ని కూలదోసి దాని సారథి ఆంగ్ సాన్ సూకీని నిర్బంధించింది. ఆ ఏడాది డిసెంబర్ 24నే ఆ నౌకాదళంలోకి రెండో జలాంతర్గామి వచ్చింది. దాన్ని ఇచ్చింది చైనా.

సింధువీర్‌ను ఎందుకిచ్చారంటే ఢిల్లీ దౌత్యవర్గాల్లో సిద్ధంగా ఉండే జవాబు ఒకటే: మనం ఇవ్వకపోతే చైనా ఇస్తుంది. మనమూ ఇచ్చాం, చైనా కూడా ఇచ్చింది. హక్కులను కాలరాసే ప్రభుత్వాలతో ప్రజాస్వామ్య దేశాలు చెలిమి చేయవచ్చా అన్న చర్చ ఎప్పుడు లేచినా ఒకరు విలువలంటారు, మరొకరు దేశ ప్రయోజనాలంటారు. విలువల గురించి మాట్లాడేవారిది అమాయకత్వమనీ, ప్రయోజనాల గురించి మాట్లాడేవారిది లోకజ్ఞానమనీ ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. ఆ లోకజ్ఞానానికి మాత్రం ఎవరూ లెక్క అడగరు. ప్రయోజనం కోసం కట్టుకున్న స్నేహంలో ప్రయోజనం ఎంత దక్కిందో చూడాలంటే భారత్, మయన్మార్ సంబంధాలు మంచి ఉదాహరణ. మన దేశం అక్కడ రెండు దారులూ నడిచి చూసింది.

మొదటి దారి కొద్దికాలమే సాగింది. 1988 ఆగస్టు 8న బర్మా అంతటా విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, సైన్యం కాల్చింది. రాజీవ్ గాంధీ ప్రభుత్వం బాహాటంగా ఉద్యమం వైపు నిలబడింది. పారిపోయి వచ్చినవారికి మిజోరం, మణిపూర్‌లలో శిబిరాలు ఏర్పడ్డాయి. ఆకాశవాణి బర్మీస్ విభాగంలో ఆ దేశ మాజీ ప్రధాని ఊ నూ కుమార్తె థాన్ థాన్ నూ పనిచేసేవారు. ఆ ప్రసారాలు సైనిక పాలకులకు కంటగింపు. 1990 ఎన్నికల్లో సూకీ పార్టీ 485 స్థానాల్లో 392 గెలిచినా సైన్యం గద్దె దిగలేదు. 1991లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. గౌరవం దక్కింది గానీ అధికారం దక్కలేదు.

1991లో పి.వి. నరసింహారావు ప్రధాని అయ్యేనాటికి పరిస్థితి వేరు. సోవియట్ యూనియన్ కూలిపోతోంది, ఖజానా ఖాళీ. ఈశాన్యంలో నాగా, అస్సాం సాయుధ బృందాలు సరిహద్దు దాటి బర్మా అడవుల్లో దాక్కుంటున్నాయి. ప్రపంచం వెలివేసిన బర్మా సైన్యానికి చైనా ఆయుధాలు అమ్ముతోంది. తూర్పు దేశాల వైపు చూడాలన్న పీవీ విధానానికి నేలమీద ఉన్న ఒకే ఒక్క గుమ్మం బర్మా. 1993 మార్చిలో విదేశాంగ కార్యదర్శి జె.ఎన్. దీక్షిత్ రంగూన్ వెళ్లారు. 1994 జనవరిలో సరిహద్దు వాణిజ్య ఒప్పందం కుదిరింది, మరుసటి ఏడాది మణిపూర్‌లోని మోరేకు, అవతలి తముకు మధ్య సరిహద్దు గేటు తెరుచుకుంది. ఇందులో తప్పు పట్టడం కష్టం. 1,643 కిలోమీటర్ల సరిహద్దు ఉన్న దేశంతో మాట్లాడకుండా ఉండటం ఎవరికీ సాధ్యం కాదు. అమెరికాకు, యూరప్‌కు బర్మా మీద ఆంక్షలు పెట్టడం ఒక సంతకంతో అయ్యే పని. వాళ్ల ఇళ్ల పక్కన ఉగ్రవాద శిబిరాలు లేవు. అలా నీతులు చెప్పిన దేశాల చమురు కంపెనీలు, ఫ్రాన్స్‌కు చెందిన టోటల్ 2022 వరకు, అమెరికాకు చెందిన షెవ్రాన్ 2024 వరకు, అక్కడి గ్యాస్ వ్యాపారంలోనే ఉన్నాయి.

పొరపాటు మాట్లాడటంతో మొదలు కాలేదు. మాట్లాడటానికి మూల్యంగా ఏమిచ్చాం, బదులుగా ఏం రాబట్టుకున్నాం అన్నచోట మొదలైంది.

భద్రతతో మొదలుపెడితే, 1995లో మిజోరం సరిహద్దుల్లో రెండు సైన్యాలు కలిసి 'గోల్డెన్ బర్డ్' పేరుతో సాయుధ ముఠాలను చుట్టుముట్టాయి. సరిగ్గా ఆ సమయంలో సూకీకి జవహర్‌లాల్ నెహ్రూ పురస్కారం ప్రకటించారు. దాంతో అలిగిన బర్మా సైన్యం మధ్యలోనే తప్పుకుందని అప్పటినుంచీ చెబుతున్నారు. ఈ కథలో ఎంత నిజమున్నా, ఢిల్లీ దీన్నుంచి నేర్చుకున్న పాఠం ఒక్కటే: సైన్యాన్ని నొప్పించకూడదు. ఒక పురస్కారానికే తెగిపోయే సహకారం మీద సరిహద్దు భద్రతను ఆనించవచ్చా అన్న రెండో పాఠం మాత్రం పట్టించుకున్నట్టు లేదు. కొంత ఫలితం రాలేదని కాదు. 2019లో ఉమ్మడి చర్యలు జరిగాయి, 2020 మేలో 22 మంది తీవ్రవాదులను మయన్మార్ మనకు అప్పగించింది. అవి సైన్యం, సూకీ ప్రభుత్వం అధికారం పంచుకున్న రోజులు. 2021 సైనిక కుట్ర తర్వాత సైన్యం తన పౌరులతోనే యుద్ధంలో చిక్కుకుంది. సగాయింగ్ ప్రాంతంలో తనపై తిరగబడ్డ ప్రజా రక్షణ దళాలను ఎదుర్కోవడానికి మణిపూర్ తీవ్రవాద ముఠాలనే వాడుకుంటోందని వార్తలొచ్చాయి. 2021 నవంబర్‌లో చురాచాంద్‌పూర్ జిల్లాలో అస్సాం రైఫిల్స్ కర్నల్‌ను, భార్యాబిడ్డలతో సహా, మాటువేసి చంపింది అలాంటి ముఠాలే. ముప్ఫై ఏళ్లు మంచి చేసుకుంటూ వచ్చిన సైన్యం ఏ పనికోసమైతే కావాలనుకున్నామో, ఆ పని చేసే స్థితిలో లేకుండా పోయింది.

గ్యాస్ కథ ఇంకా విడ్డూరంగా ఉంటుంది. బర్మా పశ్చిమ తీరాన అరాకాన్ సముద్రంలో ష్వే గ్యాస్ క్షేత్రం 2004లో బయటపడింది. కొరియా కంపెనీ దేవూ సగం వాటాతో తవ్వింది. మన ప్రభుత్వ సంస్థలు ఓఎన్‌జీసీ విదేశ్‌కు 17 శాతం, గెయిల్‌కు 8.5 శాతం వాటాలున్నాయి. ఆ గ్యాస్‌ను బంగ్లాదేశ్ మీదుగా పైపులో తెచ్చుకోవాలని 2005లో మూడు దేశాల మంత్రులు కూర్చున్నారు. ఢాకా షరతులతో అది ముందుకు సాగలేదు. 2007 జనవరిలో భద్రతా మండలిలో బర్మా మీద వచ్చిన తీర్మానాన్ని రష్యాతో కలిసి చైనా వీటో చేసింది, తర్వాత గ్యాస్ చైనాకు రాసిచ్చేశారు. ఆ సెప్టెంబర్‌లో బౌద్ధ భిక్షువులు వేల సంఖ్యలో రంగూన్ వీధుల్లో నడుస్తుండగా, మన పెట్రోలియం మంత్రి మురళీ దేవరా మరో మూడు సముద్ర బ్లాకుల ఒప్పందాల కోసం అక్కడికి వెళ్లారు. ఆయన తిరిగొచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే భిక్షువుల మీద లాఠీలు, తూటాలు మొదలయ్యాయి. 2013 నుంచి ష్వే గ్యాస్ చౌక్‌ప్యూ రేవు దగ్గర పైపెక్కి చైనాలోని యునాన్‌కు పోతోంది. ఆ పైపులోనూ మన సంస్థలకు వాటా ఉంది. మన డబ్బుతో తీసిన గ్యాస్ చైనా పొయ్యిల్లో మండుతోంది, అమ్మకం సొమ్ములో పెద్ద వాటా మయన్మార్ ప్రభుత్వ చమురు సంస్థ ద్వారా సైనిక పాలకుల ఖజానాకు చేరుతోంది. వాటాలకు లాభాలు వస్తాయి, నిజమే. అయితే ఇంధన భద్రత పేరుతో మొదలుపెట్టిన పనికి మిగిలింది వడ్డీ వ్యాపారి తృప్తి మాత్రమే.

లెక్కలో జమ వైపు నిజాయితీగా రాయాల్సినవీ ఉన్నాయి. 2008 మేలో నర్గీస్ తుపాను ఇరావదీ డెల్టాను ముంచెత్తే ముందే మన వాతావరణ శాఖ రంగూన్‌ను హెచ్చరించింది. పశ్చిమ దేశాల ఓడలను దగ్గరికి రానివ్వని సైనిక పాలకులు మన నౌకాదళ ఓడలు తెచ్చిన సహాయాన్ని రానిచ్చారు. రాకపోకలు తెంచుకుని ఉంటే ఇది జరిగేది కాదు. 2025 మార్చి భూకంపం తర్వాత కూడా 'ఆపరేషన్ బ్రహ్మ' పేరుతో వెళ్లిన సహాయ బృందాలు అలాగే వెళ్లగలిగాయి. కాకపోతే నర్గీస్‌లో చనిపోయినవారు, గల్లంతైనవారు కలిపి దాదాపు 1,38,000 మంది. హెచ్చరిక పాలకులకు అందింది, డెల్టా పల్లెలకు సరిగా అందలేదు. తన ప్రజలకు జవాబు చెప్పనక్కర్లేని ప్రభుత్వానికి ఎంత మంచి సమాచారమిచ్చినా దాని విలువ అక్కడికే పరిమితం.

సైన్యాన్ని నొప్పించకూడదన్న ఈ మౌనం పీవీ కాలంలో పుట్టిందేమీ కాదు. తెలుగువాళ్లకు దీని పాత రూపం బాగా తెలుసు. శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా తీరప్రాంతపు కూలీలు ఓడలెక్కి రంగం (రంగూన్) వెళ్లి రేవుల్లో మూటలు మోశారు. 1930 మేలో రంగూన్ రేవులో బర్మా కూలీలకు, తెలుగు కూలీలకు మధ్య చెలరేగిన అల్లర్లలో వందల ప్రాణాలు పోయాయి. 1942లో జపాన్ బాంబులకు జడిసి లక్షల మంది భారతీయులు కొండలు దాటి నడిచొచ్చారు. ఉండిపోయినవారి దుకాణాలను, ఆస్తులను 1962లో గద్దెనెక్కిన జనరల్ నె విన్ జాతీయం చేశాడు, పెద్దనోట్లు రద్దుచేశాడు. ఆ దశకంలో సుమారు మూడు లక్షల మంది భారత సంతతివారు కట్టుబట్టలతో తిరిగొచ్చారు. ఒంటిమీది నగలు కూడా దాటనివ్వలేదు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అలా వెలిసిందే. ఢిల్లీ గట్టిగా నిలదీయలేదు. 1962 యుద్ధం తర్వాత చైనా భయం అంతగా ఉంది. 1967లో నె విన్ ప్రభుత్వంతో సరిహద్దు ఒప్పందం కుదిరింది. సొంత మనుషులకు జరిగిన అన్యాయమే ఈ లెక్కలో తూగలేదంటే, అక్కడి మైనారిటీలైన చిన్‌లు, రోహింగ్యాల సంగతి వేరే చెప్పాలా?

రోహింగ్యాల దగ్గరే విలువల పక్షానికి కూడా గట్టి దెబ్బ తగిలింది. 2012 నవంబర్‌లో ఢిల్లీ వచ్చిన సూకీ, కష్టకాలంలో భారత్ తమకు దూరమైందన్న బాధను నెహ్రూ స్మారక ఉపన్యాసంలో మెత్తగానే బయటపెట్టారు. అదే పర్యటనలో అనంతపురం జిల్లా పాపసానిపల్లికి వెళ్లి మహిళా పొదుపు సంఘాల సభ్యులతో మాట్లాడారు. ఐదేళ్లకు ఆమె ప్రభుత్వం ఉండగానే సైన్యం రఖైన్ రాష్ట్రంలో ఊళ్లకు ఊళ్లు తగలబెట్టింది. ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోయారు. ఆ రోజుల్లోనే, 2017 సెప్టెంబర్ మొదటివారంలో, మయన్మార్ రాజధాని నేపిడాలో ప్రధాని మోదీ సూకీ పక్కన నిలబడి తీవ్రవాద హింసపై ఆందోళన తెలిపారు, ఊళ్లు తగలబెట్టిన సైన్యాన్ని తప్పుపట్టలేదు. 2019 డిసెంబర్‌లో హేగ్ అంతర్జాతీయ న్యాయస్థానంలో సైన్యం తరఫున వాదించడానికి సూకీ స్వయంగా వెళ్లారు. హక్కుల ప్రశ్న నియంతలకే కాదు, ఓట్లతో గెలిచినవారికీ వర్తిస్తుందని ఒక్క మనిషి మీద ఆశలన్నీ పెట్టుకున్నవారికి అప్పుడు అర్థమైంది. అప్పటికే పారిపోయి వచ్చిన రోహింగ్యా కుటుంబాలు హైదరాబాద్ బాలాపూర్ ప్రాంతంలో రేకుల గుడిసెల్లో బతుకుతున్నాయి. 1951 శరణార్థుల ఒప్పందంలో మన దేశం చేరలేదు కాబట్టి చట్టం దృష్టిలో వాళ్లు శరణార్థులు కాదు, అక్రమంగా వచ్చినవారు.

2021 తర్వాత మన తటస్థత ఎలా నడిచిందో దగ్గరగా చూడాలి. మార్చి 27న నేపిడాలో సైనిక దినోత్సవ కవాతు జరిగింది. ప్రతినిధులను పంపిన ఎనిమిది దేశాల్లో రష్యా, చైనా, పాకిస్తాన్‌లతో పాటు భారత్ ఉంది. అదే రోజు దేశమంతటా వంద మందికి పైగా నిరసనకారులను సైన్యం చంపింది. జూన్‌లో ఆయుధాల ప్రవాహాన్ని ఆపాలంటూ ఐరాస సర్వసభలో తీర్మానం వచ్చింది. 119 దేశాలు అవునన్నాయి, బెలారస్ ఒక్కటే కాదన్నది, ఓటు వేయని 36 దేశాల్లో మనమూ ఉన్నాం. 2022 డిసెంబర్‌లో భద్రతా మండలికి భారతే అధ్యక్షత వహిస్తున్నప్పుడు హింస ఆపాలని, సూకీని విడుదల చేయాలని వచ్చిన తీర్మానానికి 12 ఓట్లు పడ్డాయి. చైనా, రష్యాలతో పాటు మళ్లీ మనం తప్పుకున్నాం. నిశ్శబ్ద దౌత్యమే ఫలితమిస్తుందన్నది మన వివరణ. 2021 డిసెంబర్‌లో విదేశాంగ కార్యదర్శి హర్షవర్ధన్ శృంగ్లా నేపిడా వెళ్లి సూకీని కలుస్తానంటే సైన్యం ఒప్పుకోలేదు. నిశ్శబ్దానికి దక్కిన ప్రతిఫలం అంత.

ఇక ఆయుధాలు. ఐరాస ప్రత్యేక ప్రతినిధి టామ్ ఆండ్రూస్ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం, కుట్ర తర్వాత మయన్మార్ సైన్యానికి చేరిన సుమారు వంద కోట్ల డాలర్ల సామగ్రిలో రష్యా నుంచి 40.6 కోట్లు, చైనా నుంచి 26.7 కోట్లు, సింగపూర్ నుంచి 25.4 కోట్లు, భారత్ నుంచి 5.1 కోట్ల డాలర్ల సరుకు వెళ్లింది. మన వాటా చిన్నదే. సింధువీర్ ఏ పల్లె మీదా బాంబు వేయలేదు. కానీ 2023 ఏప్రిల్‌లో సగాయింగ్‌లోని పజీజీ ఊరి మీద విమానాలు బాంబులు కురిపించి 150 మందికి పైగా ప్రాణాలు తీసిన సైన్యం, మన సరుకు అందుకుంటున్న సైన్యం ఒకటే. ఐదు కోట్ల డాలర్ల అమ్మకం మన ఆర్థిక వ్యవస్థకు లెక్కలోకే రాదు. అంత తక్కువ లాభానికి అంత పెద్ద మచ్చ ఎందుకన్న ప్రశ్నకు లోకజ్ఞానం దగ్గర జవాబు లేదు.

మిజోరం ఈ తటస్థతను మొదట్లోనే తిరగ్గొట్టింది. కుట్ర తర్వాత చిన్ రాష్ట్రం నుంచి వస్తున్నవారిని ఆపాలని కేంద్ర హోంశాఖ 2021 మార్చిలో సరిహద్దు రాష్ట్రాలకు రాసింది. అప్పటి ముఖ్యమంత్రి జోరామ్‌థంగా ఏకంగా ప్రధానికి ఉత్తరం రాసి, వాళ్లు మా రక్తసంబంధీకులు, వెనక్కి నెట్టలేం అన్నారు. చర్చిలు, యువజన సంఘాలు చందాలెత్తి ముప్ఫై వేలకు పైగా మందిని పోషించాయి. తర్వాత మయన్మార్ సైనికులే తిరుగుబాటుదారుల దెబ్బకు తాళలేక మిజోరంలోకి పారిపోయి వచ్చారు. వాళ్లను మాత్రం విమానాల్లో వెనక్కి పంపించారు. 2024 ఫిబ్రవరిలో, సరిహద్దుకు ఇరువైపులా 16 కిలోమీటర్ల వరకు స్వేచ్ఛగా తిరిగే పాత ఏర్పాటును రద్దు చేస్తున్నట్టు, కంచె వేస్తున్నట్టు కేంద్రం ప్రకటించింది.

మన బలం తక్కువ, మాట చెల్లదు, అందుకే మౌనం అనేవారు 1946ను గుర్తుచేసుకోవాలి. ఇంకా స్వాతంత్ర్యం కూడా రాని భారతదేశం జాతివివక్షకు నిరసనగా దక్షిణాఫ్రికాతో వ్యాపారం తెంచుకుంది. అలా చేసిన మొదటి దేశం మనదే. దాంతో అక్కడి ప్రభుత్వం కూలలేదు, కూలడానికి దాదాపు అర్ధశతాబ్దం పట్టింది. కానీ ఆ నిర్ణయం వల్ల ఆఫ్రికాలో సంపాదించుకున్న పేరును మన దౌత్యం నేటికీ ఖర్చుచేసుకుంటూనే ఉంది. 1971లో తూర్పు పాకిస్తాన్‌లో ఊచకోత జరుగుతుంటే ఢాకాలోని అమెరికా కాన్సల్ ఆర్చర్ బ్లడ్ తన ప్రభుత్వ మౌనాన్ని నిరసిస్తూ టెలిగ్రామ్ పంపాడు. చైనాకు దారి చూపే మధ్యవర్తి, పాకిస్తాన్ అధ్యక్షుడు యాహ్యా ఖాన్‌ను ఇబ్బంది పెట్టవద్దని అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఆదేశించాడు. ఆ ఏడాది నిక్సన్ లెక్కను తిట్టిన దేశం మనదే. నేపిడాలో మనం వేసుకున్న లెక్క దానికి దూరపు చుట్టం కూడా కాదని చెప్పడం కష్టం.

ఒప్పందం కాగితం మీద ఎంత బాగున్నా, అవతలి సంతకానికి నేలమీద చెల్లుబాటు ఉండాలి. కలాదాన్ ప్రాజెక్టును ఈ ఒక్క కోణం నుంచి చూస్తే చాలు. కోల్‌కతా నుంచి సిట్వే రేవుకు 539 కిలోమీటర్లు సముద్రం, అక్కడినుంచి పలెత్వాకు 158 కిలోమీటర్లు నది, ఆపై మిజోరంలోని జోరిన్‌పుయి దాకా సుమారు 110 కిలోమీటర్లు రోడ్డు. సిలిగురి దగ్గరి ఇరుకు నేల మీద ఆధారపడకుండా ఈశాన్యానికి సరుకు చేర్చే ఈ ప్రాజెక్టుకు 2008లో సైనిక ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. సిట్వే రేవు 2023 మేలో మొదలైంది. 2024 జనవరిలో పలెత్వా పట్టణాన్ని అరాకాన్ ఆర్మీ అనే తిరుగుబాటు దళం చేజిక్కించుకుంది. ఆ తర్వాత రఖైన్‌లోని 17 టౌన్‌షిప్‌లలో 14 దాని చేతికి వెళ్లాయి. ఇప్పుడు రేవు సైన్యం దగ్గర, నది, రోడ్డు తిరుగుబాటుదారుల దగ్గర. సొంత ప్రజలను తుపాకీతో ఏలే ప్రభుత్వం తన నేలనే కాపాడుకోలేకపోయింది. స్థిరత్వం కోసమే నియంతతో ఉండాలన్న వాదనకు అన్నిటికన్నా పెద్ద పగులు ఇక్కడే ఉంది.

అలాగని రాయబార కార్యాలయం మూసేయమని కాదు. సరిహద్దు అధికారుల మాటామంతీ, తుపాను హెచ్చరికలు, మందులు, సంత వ్యాపారం ఎవరు గద్దెమీదున్నా సాగాల్సినవే. ఆయుధాలు, కవాతుల్లో కుర్చీలు వేరే జాతి. అవి ఆ పాలకుడి చేతిని బలపరచడానికి తప్ప ఇంకెందుకూ పనికిరావు. గ్యాస్ వాటా లాంటివి మధ్యలో ఉంటాయి, సొమ్ము ఎవరి ఖాతాలో పడుతోందో చూసి తేల్చుకోవాలి. ఈ తేడాలను విదేశాంగ శాఖ చెవిలో చెప్పుకుంటే సరిపోదు, పార్లమెంటులో చర్చకు రావాలి. అమెరికాలో లీహీ చట్టం, ఘోర హక్కుల ఉల్లంఘనలకు పాల్పడ్డ సైనిక దళాలకు సహాయాన్ని నిషేధిస్తుంది. దానికి తూట్లు పొడిచిన సందర్భాలకు కొదవలేదు. కానీ ఉల్లంఘించారని నిలదీయడానికి అక్కడ ఒక చట్టం ఉంది, మనకు అదీ లేదు.

ఈ అవసరం ఇప్పుడే ముంచుకొస్తోంది. 2024 ఫిబ్రవరిలో మిజోరం రాజ్యసభ సభ్యుడు కె. వన్‌లల్వేనా సరిహద్దు దాటి వెళ్లి అరాకాన్ ఆర్మీ ప్రతినిధులను కలిశారు. కలాదాన్ రోడ్డు పూర్తి కావాలంటే ఢిల్లీ కూడా ఆ సంస్థతో కూర్చోక తప్పదు. 2024 మేలో రఖైన్‌లోని బుథిదాంగ్‌లో రోహింగ్యాల ఇళ్లు తగలబెట్టారని ఆ సంస్థ మీదే హక్కుల సంఘాల ఆరోపణలున్నాయి. రోడ్డు ఒప్పందం మీద సంతకానికి ముందే రోహింగ్యాల భద్రత గురించి షరతు పెట్టే వీలుంది. సంతకమయ్యాక పెట్టలేమని గత ముప్ఫై ఏళ్లలో చూశాం.